బుడమేరులో మునిగిన క్యాబ్: టోటల్ లాస్ ఒప్పుకోవాలా, బాగు చేయించాలా?

సింగ్‌నగర్ శీను
అందరికీ నమస్కారం. మాది విజయవాడ సింగ్‌నగర్. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు నీళ్లు వచ్చినప్పుడు సందులో పెట్టిన నా క్యాబ్ స్టీరింగ్ పైదాకా మునిగింది. 2022 మొదట్లో కొన్న సెడాన్. పెట్రోలు, సీఎన్‌జీ రెండూ ఉన్నాయి. పసుపు నంబర్ ప్లేటు. నీళ్లు తీశాక తాళం కూడా తిప్పలేదు, టోయింగ్ బండి మీద ఎక్కించి షోరూమ్‌కి పంపాను. వాళ్ల ఎస్టిమేట్ 4,70,000. పాలసీలో ఐడీవీ, అంటే కంపెనీ ఒప్పుకున్న బండి విలువ, 5,20,000. జీరో డెప్ (పార్టుల తరుగు కోయకుండా ఇచ్చే కవర్) లేదు, ఇంజిన్ ప్రొటెక్ట్ (ఇంజిన్‌లోకి నీళ్లు పోతే ఇచ్చే కవర్) లేదు. ఇన్సూరెన్స్ సర్వేయర్ గారు వచ్చి చూసి, తరుగు తీసేస్తే కంపెనీ ఇచ్చేది 3,45,000 దాకా తేలుతుంది, రిపేరుకి వెళ్తారా, టోటల్ లాస్‌కి (బండి వదిలేసి ఐడీవీ తీసుకోవడానికి) ఒప్పుకుంటారా రాసివ్వండి అన్నారు. బ్యాంకు లోను ఇంకా 4,10,000 ఉంది. సోమవారం లోపు చెప్పాలి. ఏం చేయమంటారు?

కృష్ణలంక కుర్రాడు
స్టార్ట్ చేయకపోవడం మంచి పని అన్నా. మా వీధిలో ఇద్దరు సెల్ఫ్ కొట్టి కనెక్టింగ్ రాడ్లు వంచుకున్నారు. ఇంజిన్ ప్రొటెక్ట్ లేదు కాబట్టి ఇంజిన్‌కి పైసా రాదన్నారట.

లెక్కల మాస్టారు
శీను గారూ, ఆలోచించాల్సిన పని లేదు. టోటల్ లాస్ తీసుకోండి. బాగుచేసే ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే టోటల్ లాస్ కింద లెక్క. మీ ఐడీవీలో అది 3,90,000. షోరూమ్ ఎస్టిమేట్ 4,70,000, గీత దాటేసింది. కంపెనీ 5,20,000 ఇవ్వాలి. అందులో తప్పనిసరి మినహాయింపు కొద్దిగా పోతుంది. బ్యాంకుకి 4,10,000 పోగా మీ చేతికి లక్ష పైన వస్తుంది, అప్పు తీరిపోతుంది. రిపేరుకి వెళ్తే? మీది రెండున్నరేళ్ల బండి. లోహపు భాగాల మీద 15 శాతం, ప్లాస్టిక్, రబ్బరు, బ్యాటరీ, టైర్లు, ఎయిర్‌బ్యాగుల మీద 50 శాతం తరుగు కొడతారు. అంటే షోరూమ్ బిల్లులో 1,25,000 మీ జేబులోంచి. అదయ్యాక కూడా మీ చేతిలో ఉండేది మురుగునీళ్లలో నానిన బండి.

ట్రావెల్స్ రాజు
3,45,000 కంపెనీ దగ్గర తీసుకుని ఆటోనగర్‌లో రెండు లక్షలకి చేయించుకో బ్రదర్. మిగిలింది నీదే.

ఆటోనగర్ బాషా
రాజు గారూ, అలా కుదరదు. బయట చేయిస్తే మా బిల్లుల మీదే క్లెయిమ్ లెక్క కడతారు, పని అయ్యాక సర్వేయర్ మళ్లీ వచ్చి చూస్తాడు. శీను తమ్ముడిని తప్పుదారి పట్టించొద్దు.

తమ్ముడూ, నేను ఆటోనగర్‌లో పాతికేళ్లుగా ఈ పనే చేస్తున్నాను. ఈ నెలలో నా షెడ్డుకి వచ్చినవన్నీ మునిగిన బళ్లే. నువ్వు స్టార్ట్ చేయలేదు కాబట్టి ఇంజిన్ లోపల పాడవలేదని సగం నమ్మకం. ఆయిల్ డిప్‌స్టిక్ తీసి చూడు. ఆయిల్ మజ్జిగలా తెల్లగా ఉంటే నీళ్లు కలిశాయి. అలా ఉన్నా భయం లేదు, ప్లగ్గులు విప్పి నీళ్లు తోడి, ఆయిల్ మార్చి మార్చి కడుగుతాం. వైరింగ్ మొత్తం కొత్తది వేయాలి, అందులో బేరం లేదు. సీట్లు, కార్పెట్లు విప్పి ఫ్లోర్ కింద బురద తీయాలి. ఆల్టర్నేటర్, సెల్ఫ్ మోటారు, ఏసీ బ్లోయర్, ఈసీఎం (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) చూడాలి. మొత్తం 2,30,000. షోరూమ్ వాళ్లు పనికొచ్చే పార్టు కూడా మార్చేస్తారు కాబట్టే 4,70,000 అయింది. నా బిల్లు మీద తరుగు పోను కంపెనీ 1,60,000 దాకా ఇస్తుందనుకో, నీకు పడేది 70,000. బండి నీకు ఉంటుంది.

లెక్కల మాస్టారు
బాషా గారూ, మీ ఎస్టిమేట్ పక్కన పెట్టండి. 75 శాతం దాటితే అది పాలసీ ప్రకారం టోటల్ లాస్. 4,70,000ని 5,20,000తో భాగించండి, 90 శాతం. ఇక చర్చ ఏముంది?

ఆటోనగర్ బాషా
చర్చ ఏముందంటే, ఆ 4,70,000 షోరూమ్ వాళ్ల అంకె. నా అంకెని 5,20,000తో భాగించండి. 44 శాతం.

లెక్కల మాస్టారు
సర్వే జరిగింది షోరూమ్ ఎస్టిమేట్ మీద. మీ షెడ్డు ఎస్టిమేట్ మీద కాదు.

పాత సర్వే ఫైళ్లు
ఇద్దరూ ఒకసారి ఆగండి. పాలసీ పుస్తకంలో ఉన్న మాట: బండిని తరలించడానికి, బాగుచేయడానికి అయ్యే మొత్తం ఖర్చు, పాలసీ షరతులకు లోబడి, ఐడీవీలో 75 శాతం దాటితే టోటల్ లాస్. ఆ షరతుల్లోనే తరుగు ఉంది. అంటే చూడాల్సింది 4,70,000 కాదు, 3,45,000. అది 66 శాతం. అందుకే సర్వేయర్ ఖచ్చితంగా టోటల్ లాస్ అనకుండా మీ ఇష్టం అడిగాడు. ఇంజిన్ విప్పాక ఇంకా డ్యామేజీ బయటపడితే సప్లిమెంటరీ ఎస్టిమేట్ వేస్తారు, అప్పుడు దాటొచ్చు. శీను గారూ, లెక్క పార్టుల వారీగా రాతపూర్వకంగా అడగండి. తేడా వస్తే ముందు కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి రాయండి. నెలలో తేలకపోతే హైదరాబాద్‌లో ఫిర్యాదులు విని తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉన్నారు, ఫీజు లేదు.

లెక్కల మాస్టారు
నా ఉద్దేశంలో గ్రాస్ (తరుగు తీయకముందు మొత్తం) మీదే చూడాలి.

ఆటోనగర్ బాషా
ఇప్పుడే కదా ఆయన నెట్ (తరుగు తీశాక మిగిలేది) అని చెప్పారు!

గోదారి గట్టు
టోటల్ లాస్ తీసుకునేవాళ్లు ఒక్క విషయం గమనించండి. రాజమండ్రిలో మా నాన్న కారు యాక్సిడెంట్ అయితే సాల్వేజ్, అంటే పాడైన బండి, మాకే వదిలేసి, దాని విలువ తగ్గించి డబ్బులిచ్చారు. నాన్న ఆ తుక్కుని ఒక డీలర్‌కి అమ్మేశారు. పేరు మారుస్తానన్నాడు, మార్చలేదు. ఇప్పటికీ చలాన్లు నాన్న ఫోన్‌కే వస్తున్నాయి. ఆ బండి ఎవరినైనా గుద్దితే కేసు నాన్న మీద పడుతుందేమోనని ఇంట్లో అందరికీ టెన్షన్.

పాత సర్వే ఫైళ్లు
ఆ భయంలో నిజం ఉంది మేడమ్. 2018లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది, ప్రమాదం నాటికి రిజిస్ట్రేషన్‌లో ఎవరి పేరుంటే పరిహారం బాధ్యత వాళ్లదే. చేతులు మారిపోయిందంటే చెల్లదు. వెంటనే ఆర్టీఓకి రాతపూర్వకంగా తెలియజేయండి. నిజంగా పనికిరాని బండి అయితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 55 కింద 14 రోజుల్లో చెప్పి ఆర్‌సీ రద్దు చేయించాలి.

ఆటోనగర్ బాషా
ఇదే నేను చెప్పబోయేది. టోటల్ లాస్ అన్నంత మాత్రాన బండి పోదు మాస్టారూ. కంపెనీ వేలం వేస్తుంది. 1,40,000కో 1,50,000కో ఎవడో కొంటాడు. వాడు బాగుచేసి రోడ్డెక్కిస్తాడు. అదే బండి, అదే రోడ్డు. శీను చేతిలో ఉంటే తప్పేంటి?

లెక్కల మాస్టారు
తప్పు ఏంటో మీకు తెలియకపోవడమే నా బాధ. మీరు రిపేరు గిట్టుబాటు చూస్తున్నారు, ప్రాణం చూడటం లేదు.

ఆటోనగర్ బాషా
మాస్టారూ, మాట జాగ్రత్త. మీరు ఎప్పుడైనా బండి కింద పడుకుని చూశారా? బురదలో చేతులు పెట్టి ఒక్కో కనెక్టర్ విప్పి, పచ్చగా పట్టిన చిలుము గీకి చూసేవాణ్ణి నేను. కాగితం మీద భాగహారాలు చేసేవాళ్లు మాకు ప్రాణాల గురించి చెప్పక్కర్లేదు.

లెక్కల మాస్టారు
అయితే వినండి. 2015 డిసెంబర్‌లో చెన్నై మునిగింది. మరుసటి ఏడాది మా అల్లుడు నెల్లూరులో ఒక సెకండ్ హ్యాండ్ కారు కొన్నాడు. తళతళలాడుతోంది, ధర తక్కువ, కొత్త సీట్ కవర్లు. హైవే మీద కావలి దగ్గర రాత్రిపూట బండిలో కరెంటంతా ఒక్కసారిగా పోయింది. లైట్లు లేవు, స్టీరింగ్ బిగుసుకుపోయింది. వెనక లారీ వాడు పక్కకి తప్పించబట్టి నా కూతురు, మనవరాలు ఈ రోజు ఉన్నారు. తర్వాత విప్పి చూస్తే డాష్‌బోర్డ్ వెనక ఎండిన బురద, సీటు పట్టాల్లో ఇసుక. అది చెన్నైలో మునిగిన బండి. కడిగి, రంగేసి, చెప్పకుండా అమ్మారు. అమ్మినవాణ్ణి అడిగితే నాకేం తెలుసన్నాడు. మీలాంటి షెడ్డులోనే ఎవరో బాగుచేశారు కదా దాన్ని!

కృష్ణలంక కుర్రాడు
మాస్టారూ, పాప బాగుంది కదా ఇప్పుడు?

లెక్కల మాస్టారు
బాగుంది నాన్నా. ఇప్పుడు ఇంటర్.

ఆటోనగర్ బాషా
మాస్టారూ, మీ అల్లుడి విషయం విన్నాక నా కోపం పోయింది. కానీ ఒకటి అడుగుతా. ఆ చెన్నై బండిని మొదటి ఓనరు ఏం చేసి ఉంటాడు? టోటల్ లాస్ తీసుకుని వదిలేసి ఉంటాడు. డబ్బు తీసుకున్నాక అది ఎటుపోయిందో ఆయనకి పట్టదు. కంపెనీకి సాల్వేజ్ డబ్బు వస్తే చాలు. వేలంలో కొన్నవాడికి లాభం కావాలి కాబట్టి వైరింగ్ మార్చడు, అతుకులేస్తాడు. మీ అల్లుడికి అన్యాయం చేసింది రిపేరు కాదండీ, ఎవరూ బాధ్యత తీసుకోకపోవడం. శీను తన బండిలో రోజూ తనే కూర్చుంటాడు. మునిగిందని తనకి తెలుసు. వాడి బండికి అతుకు వేస్తే రేపు నా షెడ్డు ముందుకొచ్చి నిలబడతాడు. వేలంలో కొన్నవాడి ముందు ఎవరు నిలబడతారు?

లెక్కల మాస్టారు
శీనుకి తెలుసు. శీను బండి ఎక్కే ప్యాసింజర్‌కి తెలుసా? గన్నవరం ఎయిర్‌పోర్టుకి పిల్లల్ని తీసుకుని ఎక్కే తల్లికి తెలుసా? సొంత కారైతే నేను ఇంత గట్టిగా అడ్డుపడను. ఇది క్యాబ్. రెండేళ్లయ్యాక శీను దీన్ని అమ్మేటప్పుడు వరదలో మునిగిందని చెప్పి అమ్ముతాడా? శీను గారూ, మీరే చెప్పండి.

సింగ్‌నగర్ శీను
మాస్టారూ, బాషా భాయ్, ఇద్దరూ నా కోసమే మాట్లాడుతున్నారు, దండం. కానీ నా ఇబ్బంది ఎవరూ అడగలేదు. బండి ఆగినా ఈఎంఐ ఆగలేదు, నెలకి 13,000. టోటల్ లాస్ తీసుకుంటే చేతికి లక్ష వస్తుంది, నిజమే. కొత్త క్యాబ్ ఆన్‌రోడ్ ఎనిమిది లక్షలు దాటుతోంది, డౌన్ పేమెంట్ రెండు లక్షలు అడుగుతున్నారు. ఇంట్లో ఫ్రిజ్, మంచాలు, బియ్యం అన్నీ పోయాయి. ఆ లక్ష ఇంట్లోకే అయిపోతుంది, తర్వాత నేను ఎవరి దగ్గరో జీతానికి డ్రైవింగ్ చేయాలి. రిపేరుకి 70,000 అయితే మా బావమరిది సర్దుతానన్నాడు. నాకు ఇది కారు లెక్క కాదు, ఓనరుగా ఉంటానా, జీతగాడిగా ఉంటానా అన్న లెక్క.

అమ్మేటప్పుడు చెప్పి అమ్ముతానా అన్నారు. చెప్తాను. ధర తగ్గినా సరే.

ట్రావెల్స్ రాజు
వరద రోజుకి ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్), పర్మిట్ లైవ్‌లో ఉన్నాయా? లేకపోతే క్లెయిమ్‌కి ఇబ్బంది అవుతుంది. టోటల్ లాస్ తీసుకున్నా పర్మిట్ పోదు బ్రదర్, అదే పర్మిట్ మీద వేరే బండి మార్పించుకోవచ్చు.

సింగ్‌నగర్ శీను
రెండూ ఉన్నాయండి. ఎఫ్‌సీ ఈ ఏడాదే చేయించాను.

లెక్కల మాస్టారు
శీను గారూ, ఈఎంఐ సంగతి మొదటే చెప్పాల్సింది. అయినా నా అభిప్రాయం మారలేదు. ఒకవేళ రిపేరుకే వెళ్తే గేరు లివరు దగ్గర కింద ఉండే ఎయిర్‌బ్యాగ్ మాడ్యూల్ తప్పనిసరిగా కొత్తది వేయించండి. ఎండబెట్టాం, లైటు ఆరింది, పనిచేస్తోంది అంటే ఒప్పుకోవద్దు. ఆ పార్టు నంబరు బిల్లులో ఉండాలి. బాషా గారి 2,30,000లో అది ఉందా?

ఆటోనగర్ బాషా
మాడ్యూల్ ఉంది. డ్రైవర్ వైపు సీటు బెల్టు కూడా కలిపాను. బిల్లు మీద నంబరు వేసి ఇస్తాను, పాత పార్టులు సర్వేయర్‌కి చూపించి శీనుకే ఇచ్చేస్తాను. మాస్టారు వచ్చి చూస్తానన్నా సరే.

పాత సర్వే ఫైళ్లు
శీను గారూ, సంతకం పెట్టే ముందు బాషా గారి ఎస్టిమేట్ సర్వేయర్‌కి ఇచ్చి, బండి అక్కడికి మార్చడానికి అనుమతి రాతలో తీసుకోండి. ఇంజిన్ విప్పేటప్పుడు సర్వేయర్‌ని పిలవండి. లోపల బాగా పాడైపోయి 75 శాతం దాటితే టోటల్ లాస్‌కి మారే హక్కు ఉంచుకుంటున్నానని ఆ కాగితంలోనే రాయండి.

సింగ్‌నగర్ శీను
అలాగే రాసిస్తానండి. రేపు షోరూమ్ నుంచి బండి తీయాలి. ఎస్టిమేట్ వేసినందుకు, పార్కింగ్‌కి డబ్బులు కట్టమంటున్నారు, అది కూడా చూసుకోవాలి.

గోదారి గట్టు
సీఎన్‌జీ సిలిండర్ సంగతి ఎవరూ అనలేదు. అది కూడా మునిగింది కదా?

ఆటోనగర్ బాషా
మంచిమాట అడిగావమ్మా. సిలిండర్‌కి ఎలాగూ మూడేళ్లకోసారి హైడ్రో టెస్ట్ (నీటి ఒత్తిడితో బలం చూసే పరీక్ష) ఉంటుంది, మునిగింది కాబట్టి ఇప్పుడే చేయించాలి. వాల్వు, రెగ్యులేటర్ కూడా చూడాలి. ఆ టెస్టు మా దగ్గర చేయకూడదు, గుర్తింపు ఉన్న సెంటర్‌లోనే చేయాలి. దింపి పంపిస్తాను, సర్టిఫికెట్ వచ్చాకే బిగిస్తాను. తమ్ముడూ, ఆ ఖర్చు నేను చెప్పిన 2,30,000లో లేదు.

లెక్కల మాస్టారు
చూశారా, అప్పుడే పెరుగుతోంది.

సింగ్‌నగర్ శీను
ఎంతవుతుంది భాయ్?