కొరమీను కండలో పసుపు గింజలు: తినొచ్చా, పారెయ్యాలా?

బంద_గట్టు (పర్లాకిమిడి దగ్గర):
మా ఊరి బందలో పట్టిన కొరమీనులు, మట్టగిడసలు కోస్తుంటే మొప్పమూతల లోపల, రెక్కల మొదట్లో, వెన్నుపక్క కండలో పసుపుపచ్చ గింజలు కనబడుతున్నాయి. పెసరగింజ కంటే చిన్నవి. చిదిపితే లోపల పురుగు కదులుతోంది. వండుకుంటే మనకేమైనా అవుతుందా? పరిగెలు ఎండబెట్టి చద్దన్నంలోకి నిప్పుల మీద కాల్చుకుంటాం, దానికీ భయముందా? చెరువులో ఏం వెయ్యాలో కూడా చెప్పండి.

నత్తగుల్ల:
చెప్పినదాన్ని బట్టి క్లైనోస్టోమమ్ అనే ఫ్లూక్ (ఆకులా చదునుగా ఉండే పరాన్నజీవి పురుగు) పిల్ల లాగుంది. కొరమీను జాతికి మామూలే. పెద్ద పురుగు కొంగ నోట్లో, గొంతులో ఉంటుంది. గుడ్లు నీళ్లలో పడతాయి, పిల్ల నత్తలో పెరుగుతుంది, తోకతో బయటికొచ్చి చేప చర్మంలోంచి దూరి కండలో గూడు కట్టుకుంటుంది.

రూఢి చేసుకోవాలంటే లీటరుకి 9 గ్రాముల ఉప్పు కలిపిన గోరువెచ్చని నీళ్లు సాసర్లో పోసి, గింజ వేసి సూదితో పొర చీల్చండి. ఆకులా పల్చగా ఉండి సాగుతూ ముడుచుకుంటూ కదిలితే ఫ్లూక్. ఎర్రగా, దారంలా చుట్ట చుట్టుకుని ఉంటే ఏలికపాము జాతిది, అది వేరే సంగతి.

బాగా ఉడికితే ఇది చస్తుంది, తిన్నా ఏమీ కాదు. చూస్తే రోత, అంతే. పచ్చిచేప తినే జపాన్, కొరియాల్లో ఇదే పురుగు మనిషి గొంతులో పట్టుకున్న కేసులున్నాయి.

కనబడే గింజలు ఏరేసి మిగతాది శుభ్రమనుకోవద్దు. మనిషి పిత్తనాళాల్లో చేరే క్లోనార్కిస్ అనే మరో ఫ్లూక్ గూడు సుమారు 0.15 మి.మీ. ఉంటుంది, కంటికి ఆనదు. దాని నెలవు చైనా, కొరియా, వియత్నాం. దాని తోబుట్టువు ఒపిస్తార్కిస్ వివెరిని థాయ్‌లాండ్, లావోస్‌లలో ఎక్కువ. పిత్తనాళపు క్యాన్సర్ తెచ్చేదిగా దీన్ని 1994లో, క్లోనార్కిస్‌ని 2009లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మొదటి వర్గంలో (రుజువైనవాటిలో) చేర్చింది. రెండూ ఎక్కువగా పట్టేది పరిగె జాతి చిన్నచేపల్నే.

(మేక కార్జంలో కనబడే జలగ చేపల నుంచి రాదు. అది నీటిమొక్కల మీంచి వస్తుంది. చాలామంది రెండూ కలిపేస్తారు.)

కత్తిపీట:
వంట సంగతి నేను చెప్తాను. ముక్క నడిమధ్య 63 డిగ్రీలు తగలాలి. మరిగే పులుసులో అది ఎలాగూ దాటుతుంది. తేడా వచ్చేది కాల్చేటప్పుడే. నిప్పుల మీద పైతోలు మాడిపోతుంది, వెన్నుముల్లు దగ్గర కండ గాజులా మెరుస్తూనే ఉంటుంది. అది పచ్చి. రెండు వైపులా ముల్లు తగిలేదాకా అడ్డంగా గాట్లు పెట్టి, మంట తగ్గాక నిప్పుల మీద నిదానంగా కాల్చండి. కండ తెల్లబడి ముల్లు నుంచి ఊడిరావాలి.

ఎండుచేప అయితే విరిస్తే పెటుక్కుమనాలి. ఒకపూట ఉప్పులో ఊరేసి నీడన ఆరబెట్టి, వంగుతున్నదాన్ని సగం కాల్చి తినొద్దు. నిమ్మరసం, చింతపండు, ఉప్పూ పసుపూ నీచు వాసన తీస్తాయి కానీ పురుగుని చంపవు.

డీప్‌ఫ్రీజర్లో మైనస్ 20 డిగ్రీల దగ్గర 7 రోజులుంచితే చస్తుంది. ఇంటి ఫ్రిజ్ పైఅర మాటిమాటికీ తెరుస్తాం, కరెంటూ పోతుంది, దాన్ని లెక్కలో వేసుకోవద్దు. చేప కోసిన కత్తిపీట మీదే ఉల్లిపాయలు తరగొద్దు. ముందు బూడిదతోనో సబ్బుతోనో తోమి వేడినీళ్లు పొయ్యండి.

బంద_గట్టు:
థాంక్సండీ. నత్తల్ని చంపడానికి మైలుతుత్తం వేస్తే? పిల్లలకి బడిలో ఇచ్చే పురుగుల మాత్ర దీనికీ పనిచేస్తుందా?

నత్తగుల్ల:
చేపలుండగా మైలుతుత్తం వద్దండి. నీటిలో సున్నపు గుణం తక్కువైతే నత్తల కంటే ముందు చేపలే తేలతాయి.

వేసవిలో పట్టుబడి అయ్యాక నీళ్లు తీసేసి అడుగు నెర్రెలు విచ్చేదాకా ఎండబెట్టడమే మంచి మందు. పూర్తిగా ఎండకపోతే ఇప్పచెక్క (ఇప్పగింజల నూనె తీశాక మిగిలే పిండి) వేయొచ్చు, మీ వైపు దొరుకుతుంది కదా. మీటరు లోతుంటే ఎకరాకు సుమారు 1,000 కిలోలు పడుతుంది. అర మీటరుకి దింపితే సగంతో సరిపోతుంది. నానబెట్టి చెరువంతా సమంగా చల్లండి. మిగిలిన చేపలూ చస్తాయి, కాబట్టి 20 రోజులు ఆగి పిల్లల్ని వదలాలి. గట్టు వెంబడి నాచు, గుర్రపుడెక్క తీసెయ్యకపోతే నత్తలు మళ్లీ అక్కడే గుడ్లు పెడతాయి. కొంగల్ని ఎలాగూ ఆపలేం, నత్తల మీదే పట్టు పట్టాలి. మరుగుదొడ్డి నీళ్లు మాత్రం చెరువులోకి రానివ్వొద్దు, మనిషికొచ్చే ఫ్లూక్ గుడ్లు దిగేది ఆ దారినే.

బడి మాత్ర ఆల్బెండజోల్ 400 మి.గ్రా. ఒక్క డోసు, ఏలికపాములకి ఇచ్చేది. ఫ్లూక్‌కి చాలదు. దానికి ప్రాజిక్వాంటెల్ వాడతారు: కిలో బరువుకి 25 మి.గ్రా. చొప్పున రోజుకి మూడుసార్లు, రెండు రోజులు. ముందు మలపరీక్షలో గుడ్లు కనబడాలి. సొంతంగా కొని మింగొద్దు. మెదడులో బద్దెపురుగు తిత్తులున్నవాళ్లకి ఈ మందుతో ఫిట్స్ రావచ్చు. ఎప్పుడైనా ఫిట్స్ వచ్చుంటే ఆ ముక్క డాక్టరుకి ముందే చెప్పండి.