రైబోసోమల్ ఆర్ఎన్ఏ ఉత్పత్తిని తగ్గించేది ఫాస్ఫేటా, ప్రోటీన్ కొరతా?

జన్యులిపి:
కణంలో ప్రోటీన్లను తయారుచేసే రైబోసోముల్లో భాగమైన రైబోసోమల్ ఆర్ఎన్ఏను ఉత్పత్తి చేసే ఎంజైము ఆర్ఎన్ఏ పాలిమరేజ్-1. దానిని ప్రమోటరు (జన్యువును చదవడం మొదలయ్యే చోటు) వద్ద నిలిపే టిఐఎఫ్-ఐఎ అనే ప్రోటీన్ కారకానికి ఈస్ట్‌లో ఆర్ఆర్ఎన్3 అని పేరు. పోషకాలు కరువైనప్పుడు రైబోసోమల్ ఆర్ఎన్ఏ ఉత్పత్తి పడిపోవడానికి కారణం ఈ కారకంపై జరిగే ఫాస్ఫోరిలేషనా (ఫాస్ఫేట్ చేరికా), లేక కారకమే తరిగిపోవడమా?

కిణ్వం:
నేను కొరత వైపే ఉన్నాను. ఈస్ట్‌లో రాపమైసిన్‌తో టార్ కైనేజ్‌ను (పోషకాలను బట్టి పెరుగుదలను నడిపే, ఫాస్ఫేట్‌ను చేర్చే ఎంజైమును) అణచితే, ఆర్ఆర్ఎన్3ను ప్రోటీన్లను ముక్కలు చేసే ప్రోటియాసోమ్ నాశనం చేస్తుంది, పాలిమరేజ్‌తో అది ఏర్పరిచే జంటలు బాగా తగ్గిపోతాయి. పైగా ఫాస్ఫేట్ చేరే సెరీన్ అనే అమైనో ఆమ్లాన్ని ఆస్పార్టేట్ అనే మరో అమైనో ఆమ్లంగా మార్చి దానినే ఫాస్ఫేట్‌గా లెక్కించే ప్రయోగాలపై నాకు నమ్మకం తక్కువ. ఫాస్ఫేట్‌పై దాదాపు రెండు రుణావేశాలుంటే ఆస్పార్టేట్‌పై ఉండేది ఒక్కటే.

అణుదర్శి:
కిణ్వం గారూ, ఆస్పార్టేట్ ప్రసక్తే లేని సాక్ష్యం క్షీరద కణాల్లో ఉంది. ఒత్తిడికి గురైన కణంలో జెఎన్‌కె2 అనే కైనేజ్ కారకంలో 200వ స్థానంలోని థ్రియోనిన్ అనే అమైనో ఆమ్లంపై ఫాస్ఫేట్‌ను చేర్చగానే టిఐఎఫ్-ఐఎ కేంద్రకాంశాన్ని (రైబోసోమల్ ఆర్ఎన్ఏ తయారయ్యే చోటును) విడిచిపోతుంది. ఆ థ్రియోనిన్‌ను ఫాస్ఫేట్ చేరలేని వాలీన్‌గా మార్చినా, జెఎన్‌కె2 జన్యువునే తొలగించినా, ఒత్తిడిలోనూ ఉత్పత్తి ఆగదు. రెండు వేర్వేరు దారులు ఒకే ఫలితానికి చేరడం నాకు బలమైన రుజువుగా తోస్తుంది. అసలు ఫాస్ఫేట్ ఎంత చేరిందన్న ప్రశ్నకు అర్థం లేదు, ఎక్కడ చేరిందన్నదే ముఖ్యం: 633, 649 సెరీన్లపై చేరితే పెరుగుదల సంకేతాలకు ఉత్పత్తి ఊపందుకుంటుంది, 633కు రెండు స్థానాల దూరంలోని 635పై ఎఎమ్‌పికె అనే కైనేజ్ చేర్చితే శక్తి కొరతలో అదే ఉత్పత్తి తగ్గుతుంది. 170, 172 సెరీన్ల తీరు మరీ విచిత్రం. అక్కడ సికె2 అనే కైనేజ్ చేర్చిన ఫాస్ఫేట్ వల్ల కారకం పాలిమరేజ్‌ను వదులుతుంది, ఎఫ్‌సిపి1 అనే ఎంజైము దానిని తొలగించాకే తిరిగి జతకడుతుంది. ఇక ఈస్ట్ విషయానికొస్తే, నాశనం కాని ఆర్ఆర్ఎన్3తో 2010లో వెలువడిన పరిశోధన, టార్‌ను అణచిన వెంటనే కనిపించే పతనాన్ని కేవలం కారకపు కొరతతో వివరించలేమని తేల్చింది.

కిణ్వం:
ఆ పరిశోధన ఫాస్ఫేట్ వాదాన్నీ గెలిపించలేదు. టార్ ఆగితే రైబోసోమల్ ప్రోటీన్ల తయారీ తగ్గుతుంది, అవి లేక పూర్వ ఆర్ఎన్ఏ (రైబోసోమల్ ఆర్ఎన్ఏ తొలి రూపం) పరిపక్వం కాకుండా నశిస్తుంది. తొలి నిమిషాల పతనంలో పెద్ద భాగం అక్కడి నుంచే రావచ్చు. 200వ థ్రియోనిన్ ఆధారం గట్టిదే, కానీ అది ఒత్తిడికి సంబంధించినది, జన్యులిపి గారు అడిగింది పోషకాల గురించి.

అణుదర్శి:
పోషకాల దారిలోనూ 44, 199 సెరీన్లు ఉన్నాయి. రాపమైసిన్ ఇచ్చిన క్షీరద కణాల్లో మొదటిదానిపై ఫాస్ఫేట్ తగ్గుతుంది, రెండోదానిపై పెరుగుతుంది, కారకం కణద్రవ్యంలోకి తరలిపోతుంది. అయితే కొత్తగా పుట్టే ఆర్ఎన్ఏను, నశించే ఆర్ఎన్ఏను తొలి నిమిషాల్లో విడివిడిగా కొలవాలన్న మీ పట్టుదల సరైనదే. ఆ కొలత లేకుండా ఏ పక్షమూ వాటా తేల్చలేదు.