డెండ్రైట్‌ని ‘రెమ్మ’ అంటే సరిపోదా?

నిన్న మన గ్రూపులో ఒకరు డెండ్రైట్‌కి (నాడీకణం నుంచి కొమ్మల్లా సాగి సంకేతాలు అందుకునే పోగుకి) తెలుగు మాట అడిగితే, జవాబుల్లో ‘శాఖిక’, ‘వృక్షతంతువు’ అని వచ్చాయి. నాకు రెండూ ఎక్కలేదు. గ్రీకులో డెండ్రాన్ అంటే చెట్టు, అక్కడిదాకా పేచీ లేదు. చెట్టుకి మన దగ్గర కొమ్మ, రెమ్మ, మండ, చిగురు, గుబురు అని ఇన్ని మాటలుండగా సంస్కృతం దాకా ఎందుకు? నా ఓటు ‘నాడీరెమ్మ’కి.

పదో తరగతి పిల్లల చేత నాడీకణం బొమ్మ వేయిస్తుంటే ఒక పాప డెండ్రైట్లని కణం నెత్తిన జుట్టులా గీసి, "ఇవి ఊడిపోతాయా సార్?" అంది. లేదమ్మా అనేశాను. డ్రోసోఫిలా ఈగ సంగతి చదివాక ఆ జవాబు సరికాదని తెలిసింది. (దీన్ని ‘పండు ఈగ’ అనడం లేదు, రైతులకి పండు ఈగ అంటే మామిడికాయని పాడుచేసేది, అది వేరు. ఇది మగ్గిన అరటిపండు మీద ముసిరే చిన్న ఈగ.)

దాని పిల్లపురుగు చర్మంలోంచి వెలుతురు దూరుతుంది కాబట్టి, నాడీకణాల్లో మెరిసే ప్రోటీన్ ఉండేలా చేసి, పురుగు బతికుండగానే రెమ్మలు సాగడం మైక్రోస్కోప్‌లో చూస్తారు. చర్మం కిందుండే ఈ కణాలు నాలుగు తరగతులు. మొదటి తరగతివి దువ్వెన పళ్లలా కాసిని కొమ్మలు వేసి ఊరుకుంటాయి, నాలుగోవి గుబురుగా పెరిగి ఒళ్లంతా పరుచుకుంటాయి. గుబురే గానీ చిక్కు పడవు! ఒకే కణం రెమ్మలు రెండు తగిలితే వెంటనే ఎడంగా జరుగుతాయి. డిస్కామ్1 అనే ఒక్క జన్యువు నుంచి 38,016 రకాల ప్రోటీన్లు తయారయ్యే వీలుంది, ఒక్కో కణం వాటిలో కొన్నిటినే వాడుకుంటుంది, అదే దాని గుర్తు, తన గుర్తే ఎదురైతే తప్పుకుంటుంది. ఆ జన్యువు లేకపోతే రెమ్మలు ఒకదాని మీదొకటి పడి అల్లుకుపోతాయి. నాలుగో తరగతి కణం రెమ్మలు పక్కనున్న అదే తరగతి కణం రెమ్మలు ఎదురైనా దాటవు, గట్టు లేకపోయినా ఉన్నట్టే ఆగుతాయి.

ఇక ఆ పాప ప్రశ్న. పురుగు ప్యూపా (ఈగగా మారే ముందు కదలకుండా ఉండే దశ) అయ్యాక, ఎక్డైసోన్ హార్మోన్ వల్ల, నాలుగో తరగతిలో బతికి బట్టకట్టే కణాలు ఒక రోజు తిరక్కుండానే రెమ్మలన్నీ మొదలంటా తెంపేసుకుంటాయి. తెగిన ముక్కల్ని చుట్టూ ఉన్న చర్మకణాలు తినేస్తాయి. కణమూ, దాని తంత్రికాక్షమూ (సంకేతాన్ని బయటికి మోసే పొడవాటి పోగు, ఆక్సాన్) అలాగే ఉంటాయి, ఆ మోడు నుంచి ఈగకి కావలసిన కొత్త రెమ్మలు వేస్తుంది.

ఇలా రెమ్మలు తెంపుకోవడాన్ని (ఇంగ్లీషులో ప్రూనింగ్) ఆ జవాబుల్లో ఒకరు ‘కొమ్మ కత్తిరింపు’ అన్నారు. జామ, ద్రాక్ష తోటల వాళ్లు రోజూ అనే మాటే, బాగుంది, కానీ కత్తిరింపు అంటే కత్తెర పట్టిన చెయ్యి బయట ఒకటుండాలి కదా. ఇక్కడ కణమే తన రెమ్మల్ని వదులుకుంటోంది. అందుకే నేనైతే ‘రెమ్మలు రాల్చుకోవడం’ అంటాను.