గొర్రెలకు మూతి వాచి కుంటుతున్నాయి – పీపీఆర్ టీకా వేయించినా ఎందుకిలా?

మక్తల్ కాపరి:
అందరికీ నమస్కారం. మాకు నెల్లూరు జాతి గొర్రెలు నూటిరవై దాకా ఉన్నాయి, వాటితో పాటు పది మేకలు. దసరా తర్వాత ముసురు పట్టింది కదా, అది వెలిసిన కొద్ది రోజులకే గొర్రెలకు జ్వరం మొదలైంది. ముందు మేత మానేస్తున్నాయి. ముక్కు నుంచి నీళ్లు కారి, ఆ చీమిడే గట్టిపడి ముక్కు రంధ్రాలు మూసుకుపోతున్నాయి. పెదాలు, దవడలు వాచి నోటి నుంచి చొంగ కారుతోంది. కొన్ని మోకాళ్ల మీద పాకుతూ మేస్తున్నాయి. ఒకదానికి మెడ పక్కకు తిరిగిపోయింది. ఇప్పటికి ఆరు చనిపోయాయి.

పోయిన వేసవిలోనే పీపీఆర్ (గొర్రెలకు, మేకలకు వచ్చే ఒక వైరస్ జబ్బు) టీకా వేయించాం. అది పనిచేయలేదా? ఊళ్లో కొందరు గాలికుంటు అంటున్నారు. మందుల షాపతను ఇచ్చిన సూది వేస్తే జ్వరం దిగి, మళ్లీ వచ్చింది. టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు. ఏం చేయాలో చెప్పండి.

కదిరి మంద:
అన్నా, ముందు రెండు సంగతులు చెప్పు. మేకలు ఎట్లున్నాయి? గొర్రెలు పలుచగా పారుతున్నాయా (విరేచనాలు)? గిట్టలు కడిగి దగ్గర నుంచి ఫోటో పెట్టు.

మక్తల్ కాపరి:
మేకలకు ఏమీ కాలేదు. పారడం ఒకటి రెండింటికి తప్ప లేదు. గిట్టల ఫోటో పెట్టాను, చూడండి.

రిటైర్డ్ పశువైద్యుడు:
తమ్ముడూ, సగం జవాబు నువ్వే చెప్పావు. పీపీఆర్ అయితే మేకలు ఇంత నిక్షేపంగా ఉండవు. మందలో సగం నీళ్లలా పారేవి, చిగుళ్ల మీద తవుడు చల్లినట్టు పొర కట్టేది. గాలికుంటులో నోట్లో బొబ్బలు లేచి పగులుతాయి, గిట్టల సందున పుండ్లు పడతాయి. నీ ఫోటోలో గిట్టల సందు శుభ్రంగా ఉంది. ఎరుపంతా గిట్టకు పైన, వెంట్రుకలు ఆగిపోయే అంచు చుట్టూ ఉంది. అక్కడ వేలితో నొక్కి చూడు, కాలు లాక్కుంటుంది. ముసురు తర్వాత రావడం, మూతి వాపు, మెడ తిరగడం కలిపి చూస్తే ఇది నీలి నాలుక వ్యాధి అనిపిస్తోంది. నాలుక నీలంగా లేదే అనుకోకు. చాలా గొర్రెల్లో అది ఎర్రబడి వాయడంతోనే ఆగిపోతుంది. ఇక పీపీఆర్ టీకాను తప్పు పట్టకు. అది వేరే వైరస్‌కు వేసిన టీకా.

ఈ జబ్బు ఒకదాన్నొకటి రాసుకుంటే అంటుకునేది కాదు. క్యూలికాయిడిస్ అనే చిన్న కుట్టుడు పురుగులు మోస్తాయి. సైజు 1 నుంచి 3 మిల్లీమీటర్లు, మామూలు దోమతెరలోంచి కూడా దూరిపోతాయి. పేడ కలిసిన బురదలో పుడతాయి, పొద్దుగూకింది మొదలు తెల్లారేదాకా కుడతాయి. మంద ఎక్కడ పెడుతున్నారు? దగ్గర్లో ఆవులు, బర్రెలు కట్టేస్తారా? వాటిలో ఈ వైరస్ ఉన్నా పైకి మన దగ్గర పెద్దగా కనిపించదు, రక్తంలో మాత్రం వారాల తరబడి ఉంటుంది.

మక్తల్ కాపరి:
సార్, మంద వరి కోసిన మడిలో పెడుతున్నాం. రైతు ఎరువు కోసం అడిగాడు. పక్కనే బర్రెల కొట్టం ఉంది.

రిటైర్డ్ పశువైద్యుడు:
అయితే ఈ రోజే అక్కడి నుంచి లేపు. మడిలో తేమ ఆరదు. గాలి బాగా ఆడే చెలకలో, ఎత్తు మీద పెట్టుకో. సాయంత్రం చీకటి పడకముందే మంద చుట్టూ వేపాకు పొగ వేయి. అది కొంతవరకే పనిచేస్తుంది, కానీ ఖర్చు లేని పని. ఒంటి మీద కొట్టే డెల్టామెత్రిన్ పురుగు మందు ఎంత నీళ్లలో ఎంత కలపాలో మీ డాక్టర్ని అడిగే వాడు.

వైరస్‌ను చంపే మందు లేదు. బతికేది సేవ మీదే. జబ్బు గొర్రెలను ఎండలో తిప్పకు, ఎండ తగిలితే మూతి వాపు, పుండ్లు ముదురుతాయి. నీడలో వేరుగా ఉంచు. ముక్కులోని చెక్కులను గోరువెచ్చని ఉప్పునీళ్ల గుడ్డతో నానబెట్టి తీయి, ఊపిరి ఆడితేనే మేస్తుంది. నోటిని లేత గులాబీ రంగులో ఉన్న పొటాషియం పర్మాంగనేట్ నీళ్లతో కడిగి బోరో గ్లిజరిన్ పూయి. లేత గడ్డి, పలుచటి రాగి జావ పెట్టు.

జావ తాపేటప్పుడు చాలా జాగ్రత్త. ఈ జబ్బులో గొంతు కండరాలు దెబ్బతిని మింగడం సరిగా రాదు. సీసా నోట్లో పెట్టి తల పైకెత్తి గబగబా పోస్తే జావ ఊపిరితిత్తుల్లోకి పోతుంది, తర్వాత న్యుమోనియాతో చస్తుంది. తల నేలకు సమంగా ఉంచి, దవడ పక్క నుంచి కొద్దికొద్దిగా పోసి, మింగిందో లేదో గొంతు దగ్గర చూసి మళ్లీ పోయాలి. ఒక్క గొర్రెకు పావుగంట పట్టినా సరే. నేను చూసినంతలో మందుల కంటే ఈ ఓపికే ఎక్కువ గొర్రెలను నిలబెట్టింది.

ఆ షాపు సూది పేరేంటో చూసి చెప్పు. డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్ అయితే వెంటనే ఆపు. జ్వరం తగ్గినట్టే కనిపిస్తుంది, నెలలు నిండిన చూడి గొర్రెలు ఈసుకుపోతాయి (గర్భం పోతుంది). నొప్పికి, పైన వచ్చే న్యుమోనియాకు ఏ మందు, ఎంత మోతాదు అన్నది గొర్రెను చూసిన డాక్టరే రాయాలి. 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది.

ఊరేగింపు గుర్రాలు, హైదరాబాద్:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మాకు పెళ్లిళ్లకు పంపే గుర్రాలున్నాయి, వాటి షెడ్డు గొర్రెల దొడ్డి పక్కనే. ఈ జబ్బు గుర్రాలకూ వస్తుందా?

రిటైర్డ్ పశువైద్యుడు:
నీలి నాలుకతో గుర్రాలు జబ్బు పడవు. దీని దాయాది వైరస్ ఒకటి ఆఫ్రికా గుర్రాల జబ్బు తెస్తుంది, దాన్ని మోసేదీ ఈ క్యూలికాయిడిస్ పురుగులే. గుర్రాల జబ్బు 1960లో మన దేశానికీ వచ్చి చాలా గుర్రాలను చంపింది.

ఇప్పుడు మీరు చూసుకోవాల్సింది గ్లాండర్స్ అనే గుర్రాల జబ్బు. ముక్కు నుంచి చిక్కటి చీము, ముక్కు లోపల పుండ్లు, కాళ్ల మీద వరుసగా గడ్డలు కనిపిస్తే చేతితో ముట్టుకోకుండా పశుసంవర్ధక శాఖకు చెప్పండి. అది మనిషికీ సోకుతుంది, ప్రాణం తీస్తుంది. రక్త నమూనాలను హిస్సార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం పరీక్షిస్తుంది. ఖాయమైతే ఆ గుర్రాన్ని చట్టప్రకారం చంపాల్సిందే, పరిహారం ఉంటుంది.

మక్తల్ కాపరి:
సార్, మంద చెలకలోకి మార్చాం. సూది పేరు డెక్సానే, ఆపేశాం. రక్తం తీసి ల్యాబుకు పంపిద్దామా? చనిపోయినవాటి నుంచి తీయొచ్చా?

రిటైర్డ్ పశువైద్యుడు:
పంపించు, కానీ బతికున్నవాటి నుంచే, ఇప్పుడు జ్వరం ఉన్నవాటి నుంచే తీయించు. ఊదా మూత ఉండే ఈడీటీఏ గొట్టంలో, గడ్డకట్టకుండా. ఐస్ మధ్య పెట్టి పంపాలి, డీప్ ఫ్రీజర్‌లో పెట్టకూడదు. అలా ఫ్రీజ్ చేస్తే రక్తకణాలు పగిలి, వైరస్‌ను పెంచి ఏ రకమో తేల్చే అవకాశం పోతుంది. ఈ వైరస్ ఎర్ర రక్తకణాలకు అంటుకుని తిరుగుతుంది కాబట్టి కోలుకున్న నెలల తర్వాత కూడా వైరస్ జాడను పట్టే పీసీఆర్ పరీక్షలో పాజిటివ్ రావచ్చు. అందుకే కోలుకున్న గొర్రె రక్తం ఒక్కటే పంపితే ఇప్పటి చావులకు కారణం అదేనని చెప్పలేం.

చనిపోయినవాటిని ఊరకే కోసి చూడకండి. ముక్కు, మలద్వారం నుంచి నల్లటి రక్తం కారుతూ హఠాత్తుగా పోతే అది దొమ్మ రోగం (ఆంత్రాక్స్) కావచ్చు. లోతుగా గొయ్యి తీసి సున్నం వేసి పూడ్చండి.

కదిరి మంద:
డాక్టర్ గారూ, మేం నిరుడు నీలి నాలుక టీకా వేయించాం. అయినా కొన్నింటికి వచ్చింది. మరి టీకాకు డబ్బు పెట్టడం ఎందుకు?

రిటైర్డ్ పశువైద్యుడు:
మంచి ప్రశ్న. ఈ వైరస్‌లో ఇరవైకి పైగా రకాలున్నాయి. ఒక రకానికి వచ్చిన రక్షణ ఇంకో రకానికి పెద్దగా పనికిరాదు. హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ తయారు చేసే రక్షా బ్లూ టీకాలో 1, 2, 10, 16, 23 రకాలు ఉన్నాయి. మన దగ్గర వీటికి బయటి రకాలూ తిరుగుతున్నాయి. నెదర్లాండ్స్‌లో 2006లో 8వ రకం వచ్చింది, టీకాలతో అదుపు చేశారు. 2023లో 3వ రకం వచ్చేసరికి ఆ పాత టీకా అక్కరకు రాలేదు, కొత్తది తయారు చేసుకోవాల్సి వచ్చింది. అయినా నేను వేయించమనే అంటాను. ఐదు రకాల దారి మూసుకుంటే చావులు తగ్గుతాయి. వేయించాల్సింది మాత్రం వానలకు ముందు, జబ్బు మందలోకి వచ్చాక కాదు.

మక్తల్ కాపరి:
ఇప్పుడు మిగిలినవాటికి వేయిస్తే?

రిటైర్డ్ పశువైద్యుడు:
జ్వరం ఉన్నవాటికి వద్దు. బాగున్నవాటికి వేసినా రక్షణ రావడానికి వారాలు పడుతుంది, ఈ లోపు చలి ముదిరి పురుగే తగ్గిపోతుంది. ఈసారికి ఆ డబ్బును రాగిపిండికి, పురుగు మందుకు పెట్టు. ల్యాబ్ రిపోర్టులో రకం నంబరు వస్తే ఇక్కడ రాయి, మే నెలాఖరుకు టీకా సంగతి మాట్లాడుకుందాం.

మక్తల్ కాపరి:
సరే సార్. రేపు పొద్దున డాక్టర్ వస్తున్నారు, జ్వరం ఉన్న నాలుగింటిని నీడలో కట్టేసి ఉంచాను. రిపోర్టు రాగానే పెడతాను.