డాలస్‌లో ఆదివారాలు: ఏ సినిమా చూడమంటారు?

నమస్కారం. హైదరాబాద్ నుంచి డాలస్ వచ్చి రెండు నెలలైంది. వచ్చిన ప్రతి కొత్త సినిమా చూస్తున్నాను. అయినా ఇంటి మీద బెంగ తీరడం లేదు. ఏం చూడమంటారు?

తమ్ముడూ, పదకొండేళ్లు అక్కడే ఉండి ఇప్పుడు చిక్కడపల్లిలో ఉంటున్నాను. ఆ బెంగ నాకు తెలుసు. హీరో కోసం వెళితే పొద్దుపోతుంది, అంతే. ఇల్లు గుర్తుకు రావాలంటే హీరో పక్కన నిలబడ్డ పెద్దాయన్ని చూడాలి.

‘అహ నా పెళ్ళంట’ పెట్టుకో. 1987 నాటిది. కోడిని పైన వేలాడదీసి, దాన్నే చూస్తూ కోట శ్రీనివాసరావు గారు ఉత్త అన్నం తినే చోట ఆగి చూడు. ముద్ద నోట్లో పెట్టుకుంటుంటే ఆ ముఖంలో కోడికూర రుచి తెలుస్తుంది. రాజేంద్రప్రసాద్ ఎంత బాగా చేసినా, ఆ సినిమా పేరెత్తగానే నా కళ్లముందు మెదిలేది ఆ పిసినారి తండ్రే. బ్యాంకు ఉద్యోగం చేస్తూ నాటకాలు వేసిన మనిషి ఆయన. 2025 జూలైలో ఆయన పోయారని తెలిసిన పొద్దున మా నాన్న టిఫిను ముట్టలేదు.

హీరో ఓడిపోతే అభిమానులు ఒప్పుకోరు. తండ్రి పాత్రకు ఆ కట్టుబాటు లేదు. పిసినారి కావచ్చు, పొరపాటు చేయవచ్చు, కొడుకు ముందు తల దించుకోవచ్చు. మన ఇళ్లలోని మనుషులు ఆ పాత్రల్లోనే ఎక్కువగా దొరుకుతారు.

తర్వాత ‘సీతమ్మ వాకిట్లో సిరిమల్లె చెట్టు’ చూడు. వెంకటేశ్, మహేశ్‌బాబు ఇద్దరూ ఉన్నా నా చూపు తండ్రి మీదే నిలిచింది. ప్రకాశ్‌రాజ్ నిజానికి వెంకటేశ్ కన్నా నాలుగేళ్లు చిన్న. అందరినీ నవ్వుతూ పలకరించే ఆ పెద్దరికం చూస్తుంటే ఆ లెక్కే గుర్తుకు రాదు. గుమ్మడి గారూ అంతే. వయసులో తనకన్నా పెద్దవారైన ఎన్టీఆర్, ఏఎన్నార్‌లకు తండ్రిగా వేసి మెప్పించారు.

ఒక్కడివే మాత్రం చూడకు. నీకు ఆదివారం ఉదయమైతే ఇక్కడ రాత్రి భోజనాల వేళ. ఇంటికి ఫోను చేసి, అక్కడా ఇక్కడా ఒకే సినిమా ఒకేసారి పెట్టుకోండి. నేను అలాగే చేసేవాణ్ణి. మా నాన్న టీవీ నాకన్నా నాలుగు క్షణాలు ముందుండేది. ముందు ఫోనులో ఆయన నవ్వు వినిపించేది, ఆ తర్వాత నా తెర మీద కోడి కనిపించేది.