ఆర్గానిక్ చదివి కోబాల్ట్ కాంప్లెక్సుల్లోకి వెళ్ళొచ్చా?

ఎమ్మెస్సీ_ఫైనల్:
నాది ఆర్గానిక్ కెమిస్ట్రీ. పీహెచ్‌డీ మాత్రం కోబాల్ట్, నికెల్ కాంప్లెక్సుల (లోహ పరమాణువు చుట్టూ వేరే గ్రూపులు అతుక్కున్న పదార్థాల) మీద చేయాలనుంది. సీనియర్లేమో "ఇనార్గానిక్ బేస్ లేదు, హైదరాబాద్ ఫార్మా ఉద్యోగం కూడా పోతుంది" అంటున్నారు. ఒకటే టెన్షన్. మీరేమంటారు?

పిపెట్:
బేస్ గురించే అయితే ఆల్‌ఫ్రెడ్ వెర్నర్‌ని చూడు. 1890లో జ్యూరిక్‌లో హాంట్ష్ అనే గైడ్ దగ్గర ఆయన పీహెచ్‌డీ నైట్రోజన్ ఉన్న ఆర్గానిక్ పదార్థాల మీద. వాటిలో పరమాణువులు త్రిమితీయంగా ఎలా అమరుతాయన్నది విషయం. 1893లో, 26 ఏళ్లకే, కోఆర్డినేషన్ సిద్ధాంతం (కాంప్లెక్సుల్లో లోహానికి మిగతా గ్రూపులు ఎలా అతుక్కుంటాయో చెప్పేది) ప్రకటించాడు. లోహం చుట్టూ ఆరు గ్రూపులు అష్టముఖి మూలల్లో ఉంటాయని తోచిందంటే ఆ ఆర్గానిక్ చదువు వల్లే.

కొలిమి:
మరి ఆ డేటా ఎవరిదండీ? చాలావరకు కోపెన్‌హాగన్‌లో యార్గెన్‌సన్ అనే కెమిస్ట్ ఏళ్ల తరబడి చేసిన లవణాలది. కోబాల్ట్ క్లోరైడ్‌కి ఆరు అమోనియాలుంటే సిల్వర్ నైట్రేట్‌తో మూడు క్లోరైడ్లూ అవక్షేపంగా దిగుతాయి. ఐదుంటే రెండే, నాలుగుంటే ఒక్కటే; మిగతావి లోహానికే అతుక్కుని ఉన్నాయన్నమాట. ఇలాంటి లెక్కలు చేతిలో లేకుండా ఎంత తెలివి ఉండి ఏం లాభం?

పిపెట్:
లెక్కలన్నీ ఉన్న యార్గెన్‌సనే అమోనియాలను ఒకదానికొకటి గొలుసుగా తగిలించి తప్పు గీశాడుగా!

స్ఫటికం:
అసలు మజా అక్కడే ఉంది. ఆ గొలుసు ఊహ కూడా ఆర్గానిక్ నుంచి వచ్చిందే, కార్బన్ గొలుసులు చూసి. కాబట్టి ఆర్గానిక్ చదువు ఒకరికి దారి చూపింది, ఇంకొకరిని తప్పుదారి పట్టించింది. వెర్నర్‌కి కూడా పేపర్ రాయగానే పని అయిపోలేదు. 1911లో విక్టర్ కింగ్‌తో కలిసి కోబాల్ట్ కాంప్లెక్స్‌ని అద్దంలో ప్రతిబింబాల్లాంటి కుడి, ఎడమ రూపాలుగా విడదీశాడు. అందులో కార్బన్ ఉంది కదా, ఆ కుడి-ఎడమ గుణం దానివల్లే అన్నారు ఒప్పుకోనివాళ్లు. 1914లో కార్బన్ అన్నదే లేని హెక్సాల్ అనే కోబాల్ట్ కాంప్లెక్స్‌ని అలాగే విడదీసి చూపించాడు. అప్పటికే నోబెల్ వచ్చేసింది, 1913లో. ఆ హెక్సాల్‌ని మొదట తయారుచేసింది యార్గెన్‌సనే!

కొలిమి:
అదే నేనూ అనేది. బయటినుంచి వచ్చినవాడు ల్యాబ్‌లో ఇరవై ఏళ్లు కూర్చోవాల్సి వచ్చింది. అంత ఓపిక తమ్ముడికి ఉందా?

స్ఫటికం:
ఓపిక సంగతి తనకే తెలియాలి. ఉద్యోగం భయం మాత్రం అనవసరం. సుజుకి కప్లింగ్ (రెండు కార్బన్ ముక్కలను కలిపే చర్య) మామూలుగా పల్లాడియం అనే లోహం కాంప్లెక్సులతో నడుస్తుంది, ఫార్మా వాళ్లకది రోజువారీ పని. తమ్ముడూ, చేరేముందు క్రిస్టల్ ఫీల్డ్ (కాంప్లెక్సుల రంగులు, అయస్కాంత గుణాలను వివరించే సిద్ధాంతం), అయస్కాంత గుణాలు చదువుకో. ఆ ల్యాబ్‌లో ఎక్స్‌రే స్ఫటిక విశ్లేషణ ఎవరు నేర్పుతారో కూడా అడుగు. "నువ్వే నేర్చుకో" అంటే ఇంకో గైడ్‌ని వెతుక్కో.