సమస్య: ఖాళి పెట్టెలోన గాలి పాడె

ధ్వనిమిత్ర:
ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం.

ఖాళి పెట్టెలోన గాలి పాడె

నియమం ఒక్కటే: పూరణ కారు డిక్కీలో పెట్టే సబ్‌వూఫర్ (లోతైన మంద్రస్వరాలు పలికే స్పీకరు) పెట్టె గురించి ఉండాలి. మా అబ్బాయి తన పాత హ్యాచ్‌బ్యాక్ కోసం 12 అంగుళాల స్పీకరు కొనేశాడు. వడ్రంగి 18 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ (చెక్క పీచును జిగురుతో అదిమి చేసిన) పలక తెచ్చి నా ముఖం చూస్తున్నాడు. లెక్కలు వేస్తూ ఉంటే ఈ పాదం పడింది. ఛందస్సు తప్పితే యతిరక్షకుడు గారు చూసుకుంటారు, లెక్క తప్పితే నేను చూసుకుంటాను.

యతిరక్షకుడు:
ముందు సమస్యకే ఒక దెబ్బ. ‘ఖాళీ’లో ళీ దీర్ఘం, గణం కోసం కుదించారు. ‘కలప పెట్టెలోన గాలి పాడె’ అంటే యతీ చెడదు, గణమూ చెడదు.

ధ్వనిమిత్ర:
సమస్యే చెడుతుంది. ఖాళీగా ఉంటేనే కదా చిక్కు. కుదించిన నేరం ఒప్పుకుంటున్నాను.

కొత్తకలం:
మొదటి పూరణ, మన్నించాలి.

కారు వెనుక నొక్క కట్టితిన్ బెట్టెను
చెక్క పలక లారు చేర్చి కూర్చి
తీగ కలిపి మీట త్రిప్పితినో లేదొ
ఖాళి పెట్టెలోన గాలి పాడె

యతిరక్షకుడు:
తీ–త్రి యతి చక్కగా పడింది. నాకు పని లేదు.

ధ్వనిమిత్ర:
నాకుంది. ఆరు పలకలతో అన్ని వైపులా మూసేశారు, స్పీకరుకు తప్ప మరో రంధ్రం లేదు. అలాంటి పెట్టెలో గాలి పాడదండీ, స్ప్రింగులా పని చేస్తుంది. కోను, అంటే స్పీకరులో ఊగే పొర, లోపలికి వస్తే నలిగి తిరిగి తోస్తుంది, బయటికి పోతే వెనక్కి లాగుతుంది. పాడేదంతా కోనే. మూసిన పెట్టెను తక్కువ చేయడం లేదు. 30 లీటర్ల చుట్టుపక్కల సరిపోతుంది, డోలు దెబ్బ బిగువుగా వినిపిస్తుంది, మూలల్లో జిగురూ సిలికానూ సరిగ్గా పూస్తే చాలు. ఈ పాదానికి మాత్రం అది చాలదు.

కొత్తకలం:
అయితే గాలి పాడే పెట్టె ఏది గురువుగారూ?

గొట్టంకవి:
ఇదిగో.

రంధ్ర మొకటి తీసి రాగాలు పలికించ
గొట్ట మందు నిలిపి కొలత జూచి
ముప్పదైదు మార్లు మ్రోగగా సెకనుకు
ఖాళి పెట్టెలోన గాలి పాడె

ధ్వనిమిత్ర:
పూరణంటే ఇది! గొట్టంలోని గాలి బరువు, పెట్టెలోని గాలి స్ప్రింగు. రెండూ కలిస్తే ఒక ఊపు కుదురుతుంది. ఖాళీ సోడా సీసా మూతి మీద ఊదితే ‘హూ’ అంటుందే, అదే. జర్మనీ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ 19వ శతాబ్దంలో లోహపు బుడ్లతో ఈ సంగతి శోధించాడు. గొట్టం పొడవు పెంచితే శ్రుతి దిగుతుంది, మూతి వెడల్పు చేస్తే ఎక్కుతుంది. తమాషా ఏమిటంటే, సరిగ్గా ఆ 35 హెర్ట్జ్ దగ్గర కోను దాదాపు కదలదు. మోతంతా గొట్టంలోని గాలిదే. అంతకంటే కింది స్వరాలకు మాత్రం కోనుకు పట్టు తప్పుతుంది. యాంప్లిఫయరులో ఆ కింది స్వరాలను ఆపే సబ్‌సోనిక్ ఫిల్టరు పెట్టకపోతే స్పీకరు చిరిగినా చిరుగుతుంది.

యతిరక్షకుడు:
ఒక్క మాట. సెకనుకు 35 ఊపుల్లో రాగాలెక్కడివి? ‘రంధ్ర మొకటి తీసి రవళి గంభీరమై’ అని మార్చండి. మూడో పాదంలోని ‘మ్రోగగా’తో అన్వయమూ కుదురుతుంది.

గొట్టంకవి:
శిరోధార్యం.

టేపుకవి:
నాది అనుభవం, కల్పన కాదు.

డిక్కి కొలత దీసి పెట్టె జేసిన నాడు
పలక మందమసలు పట్టలేదు
లెక్క తప్పి లోన లీటర్లు తగ్గినన్
ఖాళి పెట్టెలోన గాలి పాడె

యతిరక్షకుడు:
మొదటి పాదంలో డి–పె! యతి పూర్తిగా గల్లంతు. ‘డిక్కి కొలత దీసి టేపుతో గీసితి’ అనండి.

టేపుకవి:
టేపే నా కొంప ముంచింది, పద్యంలోనూ అదే దిక్కయింది. బయటి కొలత 80 సెంటీమీటర్ల వెడల్పు, 36 ఎత్తు. సీటు వాలుగా ఉంటుంది కనుక లోతు అడుగున 30, పైన 20, సగటు 25. గుణిస్తే 72 లీటర్లని పొంగిపోయాను.

ధ్వనిమిత్ర:
పలక మందం ప్రతి కొలతలో రెండుసార్లు పోవాలి. 76.4, 32.4, 21.4 అయ్యాయి కదా? దాదాపు 53 లీటర్లు. స్పీకరు అయస్కాంతమూ గొట్టమూ ఆక్రమించే చోటు ఇంకా తీసేయాలి. 72కని కోసిన గొట్టాన్ని 53లో పెడితే 35 కాస్తా 41 దాకా ఎక్కుతుంది. గాలి పాడిందన్న మాట నిజమే, శ్రుతి మాత్రం మీరడిగింది కాదు.

టేపుకవి:
అందుకే మా ఆవిడ ‘ఒకే మోత మోగుతోంది’ అనేది! గొట్టం పొడవు పెంచుతాను.

బండకవి:
మీకందరికీ డిక్కీలు ఖాళీగా ఉన్నాయి.

గ్యాసు బండ నిలిచె కారు డిక్కీ లోన
పెట్టె కెక్కడయ్య వేరె చోటు
సీటు క్రింద నొక్క చిన్నది యమరింప
ఖాళి పెట్టెలోన గాలి పాడె

యతిరక్షకుడు:
బండ వంటింటిది. కారులోది సీఎన్‌జీ. ‘గ్యాసు ట్యాంకు నిలిచె’ అంటే గణం అదే.

ధ్వనిమిత్ర:
సీటు కింది పెట్టెలో గాలి పాడదు, కూనిరాగం తీస్తుంది. అయినా చోటు లేనివారికి అదే గతి. డిక్కీ ఖాళీగా ఉన్నవాళ్లూ అడుగున స్టెప్నీ ఉంటుందని మరవకండి. పెట్టెను స్క్రూలతో బిగించేసి, పంక్చరైన రాత్రి రోడ్డు పక్కన స్క్రూడ్రైవరు వెతుక్కున్నవాణ్ణి ఎరుగుదును. పట్టీలతో కట్టండి, విప్పేలా ఉండాలి.

శ్రుతిలయ:
నియమం కొంచెం తప్పుతున్నాను.

తిత్తి నొకరు నొక్క తెరచి మూయుచు నుండ
తాత పాడుచుండె తంబుర విడి
శ్రుతిని బట్టి మేము చొక్కుచు వినుచుండ
ఖాళి పెట్టెలోన గాలి పాడె

ధ్వనిమిత్ర:
పద్యం హాయిగా ఉంది. కారు ఏదమ్మా?

శ్రుతిలయ:
మా తాతగారి శ్రుతిపెట్టె కచేరీలకు అంబాసిడర్ డిక్కీలోనే వెళ్లేదండీ.

ధ్వనిమిత్ర:
చెల్లింది.

కొత్తకలం:
నా రెండో పాదం మార్చాను: ‘చెక్క పలక తొలిచి చెవులు బెట్టి’. ఇప్పుడు రంధ్రాలున్నాయి.

యతిరక్షకుడు:
చెవి వింటుంది, పాడదు. నోరు పెట్టండి.

కొత్తకలం:
నోరు పెడితే యతి చెడుతుందండీ.

యతిరక్షకుడు:
అయితే చెవులే ఉండనివ్వండి.